గాజుపెట్టెలోని గ్రహము – క్రిస్టియన్ బిర్కెలాండ్ జీవిత కథ

1979వ సంవత్సరము మార్చి నెలలో వాయేజర్-1 అను అంతరిక్ష నౌక గురుగ్రహమును సమీపించినప్పుడు, అందలి యొక పరికరము ఆ గ్రహపు ధ్రువప్రాంతములయందు ఒక వింత వెలుగును పసిగట్టెను. అది మానవనేత్రమునకు గోచరించు వెలుగు కాదు. ఇంద్రధనుస్సులోని ఊదారంగునకు ఆవల నుండు అతినీలలోహిత కిరణముల వెలుగు. మన భూమిపై ఉత్తర దక్షిణ ధ్రువముల చెంత, శీతకాలపు రాత్రులలో ఆకుపచ్చని తెరలవలె ఆకాశమున అల్లలాడు ధ్రువజ్యోతికి అది తోబుట్టువు. శనియందును, యురేనసునందును, కుజునియందును గూడ అట్టి జ్యోతులు బయల్పడినవి.

ఈ జ్యోతుల పుట్టుకను గూర్చి మొదట సరియైన త్రోవ చూపిన మనుష్యుడు అంతరిక్ష నౌకను ఎన్నడును చూచినవాడు కాడు. ఆయన నార్వే దేశీయుడు. పేరు క్రిస్టియన్ బిర్కెలాండ్. గాజుపలకల పెట్టెలో ఒక లోహపు బంతిని నిలిపి, దానినే గ్రహముగా నెంచి, చీకటి గదిలో దాని చుట్టును కృత్రిమ ధ్రువజ్యోతిని వెలిగించిన ప్రయోగశీలి. ఆయన చెప్పిన ముఖ్యవిషయమును పండితలోకము సుమారు అరువది యేండ్లకు గాని అంగీకరింపలేదు. ఆ ఆలస్యమునకు కారణమేమో తెలిసికొనుట, విజ్ఞానశాస్త్రమును బోధించువారికిని నేర్చుకొనువారికిని మిక్కిలి ఉపయోగకరము.

విద్యాభ్యాసము

బిర్కెలాండ్ 1867 డిసెంబరు 13వ తేదీన, నేడు ఓస్లో యని పిలువబడు క్రిస్టియానియా నగరమున జన్మించెను. పదునెనిమిదేండ్ల ప్రాయముననే తొలి శాస్త్రవ్యాసము వ్రాసెను. స్వస్థలమున విశ్వవిద్యాలయపు చదువు ముగించి, ప్యారిస్ నగరమున గణితవేత్త పొయంకారే వద్దను, జర్మనీలోని బాన్ నగరమున హెర్ట్జ్ వద్దను కొంతకాలము పనిచేసెను. హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగములను ప్రయోగపూర్వకముగా నిరూపించిన మహనీయుడు. మాక్స్‌వెల్ పండితుని విద్యుదయస్కాంత సమీకరణములకు బిర్కెలాండ్ 1895లో సామాన్య సాధన నొకదానిని ప్రకటించెను. 1898లో క్రిస్టియానియా విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి లభించెను. అప్పటి కాయనకు ముప్పది యేండ్లు.

గణితమునందు ఇంత నేర్పున్నను, ఆయన మనస్సు కాగితము మీది సమీకరణములతో తృప్తి చెందలేదు. ఆ కాలమున ఐరోపాలోని ప్రయోగశాలలన్నియు గాలి తీసివేసిన గాజునాళములతో నిండియుండెను. అట్టి నాళములో ఋణధ్రువము నుండి వెలువడు కాథోడు కిరణములు తగిలిన చోట గాజు మిలమిల మెఱయును. ఈ కిరణములు ఎలక్ట్రానులను సూక్ష్మకణముల ప్రవాహమని 1897లో థామ్సన్ పండితుడు తేల్చెను. అంతకు ముందే బిర్కెలాండ్ ఇట్టి నాళము దగ్గఱ బలమైన అయస్కాంతము నుంచి చూడగా, కిరణములు చెదరక అయస్కాంత ధ్రువము వైపునకు కూడివచ్చెను. ఆ దృశ్యము ఆయనకు ఒక మహత్తరమైన ఊహను ప్రసాదించెను. భూమియు ఒక పెద్ద అయస్కాంతమే కదా! సూర్యుని నుండి ఇట్టి కిరణములు వచ్చుచున్నచో, భూమి యయస్కాంత శక్తి వానిని ధ్రువముల వైపునకు మఱల్చును, అవి పై వాతావరణమును తాకి వెలుగు పుట్టించును, అదియే ధ్రువజ్యోతి. ఈ సిద్ధాంతమును ఆయన 1896లో లోకమునకు తెలిపెను.

ధ్రువజ్యోతి చెలరేగిన రాత్రి దిక్సూచిలోని ముల్లు కంపించునని స్వీడను దేశపు పండితులు 1741 నాటికే గమనించియుండిరి. సూర్యునిపై మచ్చలు హెచ్చిన సంవత్సరములలో ఈ జ్యోతులును హెచ్చునని పందొమ్మిదవ శతాబ్దమున తెలిసినది. అయినను, భూమిపై కలుగు అయస్కాంత సంక్షోభములకు సూర్యుడు కారణము కాజాలడని 1892లో కెల్విన్ ప్రభువు తీర్మానించియుండెను. అంతటి ప్రఖ్యాతుని తీర్పునకు ఎదురు నిలుచుటకు ఒక యువకునికి ఊహ మాత్రము చాలదు, సాక్ష్యము కావలెను. ఆ సాక్ష్యమును వెదకుచు ఆయన మంచుకొండ లెక్కెను.

మంచుకొండపై వేధశాల

నార్వే దేశపు ఉత్తరాగ్రమున ఫిన్‌మార్క్ అను ప్రాంతము కలదు. అచ్చట శీతకాలమున సుమారు రెండు నెలలు సూర్యుడు క్షితిజమునకు పైకి రాడు. ధ్రువజ్యోతిని పరిశీలించుటకు అంతకంటె తగిన తావు లేదు. మనుష్యుడు నివసించుటకు అంతకంటె కఠినమైన తావును లేదు. బిర్కెలాండ్ చేసిన తొలి యాత్రలలో నొకదానిలో మంచుతుపాను చుట్టుముట్టగా, వెంట వెళ్లిన హెలాండ్-హాన్సెన్ అను విద్యార్థి చేతివ్రేళ్లు కొన్ని మంచుకాటునకు బలియైనవి. శస్త్రవైద్యుడు కాదలచిన ఆ యువకుడు వైద్యవిద్యను మానుకొని, తరువాత సముద్రశాస్త్రమున పేరుగాంచెను.

ఇంత జరిగియు బిర్కెలాండ్ వెనుదీయలేదు. ప్రభుత్వసహాయముతో 1899లో హాల్డె యను పర్వతముపై, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున, ఱాతితో వేధశాలను కట్టించెను. సమీపమునందలి మఱియొక శిఖరముపై రెండవ శాలను నిలిపెను. ఒకే జ్యోతిని రెండు చోట్లనుండి ఒకే క్షణమున చూచి దాని యెత్తును గణించుట ఆయన యుద్దేశము. గాలి హోరునకు తలుపు తెఱచుటయే గండమైన ఆ కొండపై ఆయనయు సహాయకులును 1899–1900 శీతకాలమును గడపిరి. ఆ యాత్రలోనే ఎలిసార్ బోయె యను యువ సహాయకుడు మంచుచరియలు విరిగిపడి మరణించెను. శాస్త్రచరిత్రలో ఫలితములు వ్రాయబడునంత శ్రద్ధగా వానికై చెల్లించిన మూల్యము వ్రాయబడదు. ఈ మరణమును గూడ ఆ ఫలితముల ప్రక్కన వ్రాసికొనుట న్యాయము.

1902–03లో బిర్కెలాండ్ తన పరిశోధనను మఱింత విస్తరింపజేసెను. నార్వే, ఐస్‌లాండు, స్పిట్స్‌బెర్గెన్, నోవాయా జెమ్‌ల్యా – ఈ నాలుగు చోట్ల నాలుగు స్థానములు నెలకొల్పి, అయస్కాంతపు ముల్లు కదలికలను పగలు రేయి ఛాయాచిత్రపు కాగితములపై నమోదు చేయించెను. ఆ గీతలను ఒకదానితో నొకటి పోల్చి చూచి ఆయన యొక నిశ్చయమునకు వచ్చెను. ధ్రువజ్యోతి వెలుగునప్పుడు ఆకాశమున లక్షల ఆంపియర్ల విద్యుత్ప్రవాహము సాగును. ఆ ప్రవాహము అంతరిక్షము నుండి అయస్కాంత రేఖల వెంబడి క్రిందికి దిగి, జ్యోతి వెంట కొంతదూరము అడ్డముగా పాఱి, మరల రేఖల వెంబడి పైకి పోవును. 1908లోను 1913లోను వెలువడిన ఆయన బృహద్గ్రంథమునకు ప్రాణమిదియే. ఆయన చెప్పినవానిలో అందఱును త్రోసిపుచ్చినదియు ఇదియే.

చిన్న భూమి

కొండపై చూచినదానిని ఆయన ప్రయోగశాలలో మరల సృష్టింపబూనెను. 1600లో ఇంగ్లండు దేశీయుడగు గిల్బర్ట్ అయస్కాంతశిలతో చిన్న గోళమును చేసి, దానికి టెరెల్లా, అనగా చిన్న భూమి, అని పేరు పెట్టియుండెను. బిర్కెలాండ్ ఆ పేరునే గ్రహించెను. ఆయన బంతి లోపల విద్యుదయస్కాంత ముండెను. పైన కిరణములు తాకిన మెఱయు రసాయనపు పూత యుండెను. దానిని గాజుపెట్టెలో వ్రేలాడదీసి, గాలిని తీసివేసి, ఒక ప్రక్కనుండి కాథోడు కిరణములను ప్రసరింపజేసెను.

అయస్కాంతమునకు విద్యుత్తు ఇయ్యనపుడు కిరణములు తిన్నగా వచ్చి బంతి ముఖభాగమంతయు వెలిగించెను. విద్యుత్తు ఇచ్చినంతనే ఆ వెలుగు చెదరి, రెండు ధ్రువముల చుట్టును రెండు వలయములుగా నిలిచెను. భూమిపై ధ్రువజ్యోతి సరిగా ధ్రువబిందువునందు గాక, దానిని చుట్టిన వలయమునందే అధికముగా కనబడుట కిది చక్కని నిదర్శనము. అయస్కాంతబలమును మార్చిన వలయము వెడల్పగును, ఇఱుకగును. చూచువారికి అది యింద్రజాలము. ఆయనకు అది ప్రశ్నోత్తర సంవాదము. పెట్టెను క్రమముగా పెంచుచు, తుదకు వేయి లీటర్ల పరిమాణము గలదానిని నిర్మించెను. బంతిని ఒకసారి భూమిగాను, ఒకసారి శనిగాను, ఒకసారి సూర్యునిగాను భావించి, శని వలయములను, సూర్యుని మచ్చలను, తోకచుక్కలను గూడ ఆ గాజు వెనుక వెదకెను. అందు కొన్ని పోలికలు పైపోలికలు మాత్రమే యని తరువాత తేలినది. కాని గ్రహములన్నిటికిని ఒకే భౌతికశాస్త్రము వర్తించునను ఆయన విశ్వాసము సత్యమే.

ఆయన సహోద్యోగి కార్ల్ స్టర్మర్ అయస్కాంత క్షేత్రమున విద్యుత్కణములు నడచు మార్గములను ఏండ్ల తరబడి గణితముచే సాధించెను. ఛాయాచిత్రముల సాయమున జ్యోతి అడుగంచు భూమికి సుమారు 100 కిలోమీటర్ల యెత్తున నుండునని నిరూపించెను.

ఫిరంగి నుండి ఎరువు

ఇంతటి ప్రయోగములకు ధనము కావలసి, బిర్కెలాండ్ విద్యుదయస్కాంత శక్తితో గుండును విసరు ఫిరంగి నొకదానిని నిర్మించి, 1901లో దానికి పేటెంటు సంపాదించెను. విశ్వవిద్యాలయ సభామందిరమున ప్రముఖుల యెదుట దానిని ప్రదర్శింపగా, విద్యుత్తు దారితప్పి పెద్ద మెఱుపు మెఱసి, భయంకరమైన ధ్వని పుట్టెను. సభ్యులు భీతిల్లిరి, ఫిరంగి వ్యాపారము అంతటితో నాశమయ్యెను.

ఆ రోజులలో రైతులోకమును వేధించు సమస్య యొకటి యుండెను. పైరులకు కావలసిన నత్రితపు ఎరువు చిలీ దేశపు గనులనుండి వచ్చుచుండెను. ఆ గనులు తఱిగిపోయినచో లోకమున గోధుమకు కఱవు వచ్చునని 1898లో క్రూక్స్ పండితుడు హెచ్చరించియుండెను. గాలిలో నత్రజనికి కొదువలేదు. కాని దానిని పట్టి బంధించుటకు పిడుగు వంటి వేడి కావలెను. 1903లో ఒక విందులో ఇంజనీరు సామ్ ఐడె యీ అవసరమును ప్రస్తావింపగా, బిర్కెలాండ్‌కు తన ఫిరంగిలో పుట్టిన మెఱుపు స్ఫురించెను. విద్యుత్ జ్వాలను అయస్కాంతముచే పళ్లెమువలె విప్పి, దానిగుండ గాలిని పంపి, నత్రికామ్లమును, దానినుండి సున్నపుఱాతి సాయమున ఎరువును తయారుచేయు పద్ధతిని వారిరువురును రూపొందించిరి. 1905లో నార్స్క్ హైడ్రో సంస్థ వెలసెను. నార్వే జలపాతముల విద్యుత్తు పొలములకు ఎరువుగా మాఱెను. విద్యుత్తు విపరీతముగా ఖర్చగు ఈ పద్ధతిని తరువాత జర్మనీలో పుట్టిన హేబర్-బాష్ పద్ధతి తొలగద్రోసినది. అయినను, ఆకాశపు వెలుగు రహస్యమును వెదకినవాడే పొలమునకు ఎరువు నిచ్చుట మఱువరాని విషయము.

చివరి దినములు

కీర్తి వచ్చెను, ధనము వచ్చెను, శాంతి మాత్రము రాలేదు. 1905లో జరిగిన వివాహము కొన్నియేండ్లకే విచ్ఛిన్నమయ్యెను. నోబెల్ బహుమానమునకు ఆయన పేరు పలుమారులు ప్రతిపాదింపబడెను గాని బహుమానము రాలేదు. రేయింబవళ్ల శ్రమ నిద్రను హరించెను. నిద్రకై వెరొనాల్ అను మందునకు అలవాటుపడెను. సంధ్యాకాంతి ఆఱిన పిదప పడమట నిలుచు రాశిచక్రపు మసకవెలుగును పరిశీలించుటకై 1913లో ఈజిప్టునకు వెళ్లెను. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. దేశము కాని దేశమున ఒంటరితనము, నిద్రలేమి, మందు కలసి ఆయన మనస్సును కలచివేసెను. తన్నెవరో వెంటాడుచున్నారను అనుమానము పట్టుకొనెను.

యుద్ధమువలన ఐరోపా త్రోవ మూతపడియుండుటచే, తూర్పు దిక్కుగా చుట్టి స్వదేశము చేరదలచి, 1917లో జపాను చేరెను. అచ్చట పూర్వపరిచితుడగు భౌతికశాస్త్రజ్ఞుడు తెరాదా తొరాహికో ఆయనను చూచెను. ఆ దుఃఖస్మృతిని తరువాత వ్యాసముగా వ్రాసెను. 1917 జూన్ 15వ తేదీన టోక్యోలోని ఒక హోటలు గదిలో బిర్కెలాండ్ విగతజీవుడై కనబడెను. నిద్రమందు మితిమీరి దేహమున చేరియుండెను. అప్పటికి ఆయనకు నలువది తొమ్మిదేండ్లు.

నేలపై తేలని వాదము

ఆయన మరణానంతరము సిడ్నీ చాప్‌మన్ అను ఆంగ్ల గణితవేత్త అయస్కాంత సంక్షోభములను గూర్చి వేఱొక సిద్ధాంతమును నిర్మించెను. అందు విద్యుత్ప్రవాహములు పై వాతావరణముననే అడ్డముగా చుట్టుచుండును. అంతరిక్షము నుండి దిగునవి లేవు. చాప్‌మన్ గణితము నిర్దుష్టమును సుందరమును. ఆయన పలుకుబడి గొప్పది. బిర్కెలాండ్ మాట మఱుగున పడెను. స్వీడను దేశీయుడగు ఆల్ఫ్వేన్ మాత్రము దశాబ్దముల తరబడి దానిని సమర్థించుచు వచ్చెను.

ఇందు చాప్‌మన్ పక్షపాతమేమియు లేదు. చిక్కంతయు కొలతలో నున్నది. నేలపై నిలిచి అయస్కాంతపు ముల్లును ఎంత సూక్ష్మముగా కొలిచినను, ప్రవాహము పైనుండి దిగుచున్నదో, పైననే చుట్టుచున్నదో విడదీసి చెప్పుట సాధ్యము కాదు. రెండును నేలపై ఒకే గుర్తును చూపగలవు. బిర్కెలాండ్ జీవితమంతయు కొండలెక్కినను, తీర్పు చెప్పగల యెత్తునకు ఎక్కలేకపోయెను. ఆ యెత్తు కొండలకు లేదు.

అమెరికా నావికాదళము 1963లో పంపిన ఒక ఉపగ్రహము, వేయి కిలోమీటర్లకు పైగా ఎగురుచు, ధ్రువజ్యోతి ప్రాంతమును దాటినప్పుడెల్ల అయస్కాంత క్షేత్రమున అలజడిని కనుగొనెను. 1966లో ఆ కొలతలు ప్రకటింపబడెను. మఱుసటి సంవత్సరము, అవి అయస్కాంత రేఖల వెంబడి సాగు విద్యుత్ప్రవాహముల గుర్తులని పరిశోధకులు గుర్తించిరి. 1970 తరువాత మఱియొక ఉపగ్రహము వాని పటమును సమగ్రముగా గీయుటకు తోడ్పడెను. నేడు వానికి బిర్కెలాండ్ ప్రవాహములని పేరు.

ఆయన చెప్పినదంతయు అక్షరాల నిజమని దీని యర్థము కాదు. సూర్యుని నుండి ఎలక్ట్రానులు మాత్రమే వచ్చినచో, ఒకదాని నొకటి త్రోసికొని త్రోవలోనే చెదరిపోవునని షూస్టర్ చేసిన ఆక్షేపణ సరియైనది. ధన ఋణ కణములు రెండును కలసి వచ్చునని బిర్కెలాండ్ తుదకు గ్రహించెను. ఆ ప్రవాహమునకే నేడు సౌరపవనమని పేరు. అదియు తిన్నగా ధ్రువములపై పడదు. భూమి యయస్కాంత ప్రాంగణమున శక్తిని నింపగా, అచ్చటనే వేగము పుంజుకొన్న ఎలక్ట్రానులు రేఖల వెంబడి దిగి జ్యోతిని వెలిగించును.

కనబడని వెలుగులు

ఇతర గ్రహముల జ్యోతులు అతినీలలోహితమున వెలుగుట కేమి కారణము? గురుగ్రహపు వాతావరణమున అధికభాగము ఉదజని. వేగముగా వచ్చిన ఎలక్ట్రాను తాకగా ఉదజని తాను పొందిన శక్తిని చాలవఱకు అతినీలలోహిత కిరణములుగా వెలువరించును. అందు ప్రసిద్ధమైన కిరణపు తరంగదైర్ఘ్యము 121.6 నానోమీటర్లు, మన కన్ను సుమారు 400 నానోమీటర్లకు లోబడిన కిరణములను చూడజాలదు. అంతేగాక మన వాతావరణమే ఆ కిరణములను మ్రింగివేయును. కావున నేలమీది దూరదర్శినులకు అవి అందవు. వానిని చూచుటకు వాయేజర్ వంటి నౌకలును, 1990లో కక్ష్యలో నిలిచిన హబుల్ దూరదర్శినియు కావలసివచ్చెను.

గురుగ్రహపు జ్యోతికి మూలము ప్రధానముగా సూర్యుడు కాదు. పది గంటల లోపుననే తన చుట్టు తాను తిరుగు ఆ మహాగ్రహపు వేగమును, అయో యను ఉపగ్రహపు అగ్నిపర్వతములు క్రక్కు పదార్థమును కలసి ఆ జ్యోతిని నిరంతరము వెలిగించుచున్నవి. అచ్చటను విద్యుత్తు నడచునది అయస్కాంత రేఖల వెంబడియే. 2016 జూలైలో గురుగ్రహమును చేరిన జునో నౌక, ధ్రువములపై నాలుగు లక్షల వోల్టుల వఱకు విద్యుత్పీడనమును కనుగొనెను. కాని అతి ప్రకాశమైన జ్యోతులకు ఆ పీడన మొక్కటియే కారణము కాదనియు ఆ కొలతలే తెలిపినవి. యురేనసునందు అయస్కాంతాక్షము భ్రమణాక్షమునకు సుమారు 59 డిగ్రీలు ఒరిగియుండుటచే, జ్యోతులు ధ్రువములను విడిచి దూరమున వెలుగుచున్నవి.

అన్నిటికంటె విచిత్రము కుజుని కథ. ఆ గ్రహము తన సమగ్ర అయస్కాంత శక్తిని ఏనాడో కోల్పోయినది. దక్షిణార్ధమున శిలలయందు మాత్రము అచ్చటచ్చట మిగిలినది. ఐరోపా వారి మార్స్ ఎక్స్‌ప్రెస్ నౌక 2004లో ఆ శిలల పైభాగముననే అతినీలలోహిత జ్యోతిని చూచెను. 2014 డిసెంబరులో మావెన్ నౌక, అయస్కాంత రక్షణ లేని ఉత్తరార్ధమున విశాలముగా పఱచుకొన్న జ్యోతిని కనుగొనెను. అయస్కాంతమునకు విద్యుత్తు ఇయ్యని బిర్కెలాండ్ బంతి ముఖమంతయు ఇట్లే వెలుగలేదా? ఇచ్చినప్పుడు వలయములు, ఇయ్యనప్పుడు పఱపు – ఆ గాజుపెట్టెలోని రెండు స్థితులును ఆకాశమున రెండు గ్రహములై నిలిచియున్నవి.

నార్వే ప్రభుత్వము 1994లో 200 క్రోనర్ల నోటుపై ఆయన చిత్రమును ముద్రించెను. ఆ నోటు తరువాత మాఱిపోయినది. చంద్రుని ఆవలి ముఖమున ఒక బిలమునకు ఆయన పేరు కలదు. కాని పాఠశాల కిటికీ ప్రక్కన కూర్చున్న విద్యార్థికి ఇంతకంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. మన తెలుగునేల ధ్రువములకు బహుదూరము. మన బాలురకు ధ్రువజ్యోతి కానరాదు. ఆ మాటకు వచ్చిన, గురుగ్రహపు జ్యోతిని బిర్కెలాండ్ గూడ చూడలేదు. కానరానిదానిని గూర్చి సరిగా ఆలోచించుటకు ఆయన వద్దనున్నవి ఒక బంతి, ఒక అయస్కాంతము, గాలి లేని ఒక పెట్టె, విడువని ప్రశ్న. ఆ ప్రశ్నకు తన జీవితకాలమున తీర్పు రాకున్నను, కొలిచినదానిని కొలిచినట్లు వ్రాసిపెట్టెను. తీర్పు చెప్పగల యెత్తునకు మనుష్యులు చేరినప్పుడు, ఆ వ్రాత వారికొఱకు సిద్ధముగా నుండెను.